సంగీత సందేహాలు: పిల్లల బృందానికి పాటను ఎంచుకోవడం

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బృందగానం గురించినవే. పాఠశాలల వార్షికోత్సవాలు, క్రిస్మస్ ఆరాధనలు దగ్గర పడుతున్న కాలం కాబట్టి అది సహజమే. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రాథమికోన్నత పాఠశాల ఉపాధ్యాయినిని. కొంతకాలం కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. 4 నుంచి 7వ తరగతి వరకు 40 మంది పిల్లలతో ఒక బృందం ఏర్పాటు చేశాను. పాట నేను పాడి చూపినప్పుడు బాగానే ఉంటుంది గాని, పిల్లలు పాడేటప్పుడు కింది స్వరాలు వినబడవు, పై స్వరాలు అరుపులవుతాయి. వీరికి తగిన పాటను ఎలా ఎంచుకోవాలి?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే లోపం పిల్లలలో లేదు, బహుశా పాటలో కూడా లేదు. మీరు పట్టుకుంటున్న శ్రుతిలో, అంటే షడ్జాన్ని (స) పెట్టుకునే ఎత్తులో ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న స్త్రీలు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతులలో (హార్మోనియం మీద G, G#) పాడతారు. ఐదున్నర శ్రుతి షడ్జం, దాని పైనున్న ఒకటో శ్రుతి (C) షడ్జం కంటే నాలుగు స్వరస్థానాలు (హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి నాలుగు మెట్లు) కిందుగా ఉంటుంది. ఎదిగిన స్త్రీ గొంతుకు అక్కడ నిండుదనం వస్తుంది గాని, తొమ్మిది పదేళ్ల పిల్లలకు అది గొంతు అడుగుభాగం. పల్లవి అక్కడ మొదలైతే సగం మంది గొణుగుతారు, మిగతా సగం మంది బలవంతంగా ఛాతీ నుంచి శబ్దం తెచ్చుకుంటారు. అలా మొదలుపెట్టిన గొంతు పై స్వరాలకు మెత్తగా మారలేక అదే బరువుతో ఎక్కుతుంది కాబట్టి, అనుపల్లవి వచ్చేసరికి అది అరుపుగా వినబడుతుంది.

దీనిని సరిచూసుకోవడానికి మీకు కొత్త పాట అక్కరలేదు. జాతీయగీతం మంద్ర నిషాదం (కింది ని) నుంచి తార షడ్జం (పై స) వరకు, అంటే ఒక స్థాయికి (స నుంచి పై స వరకు ఉన్న దూరానికి) కొంచెం మించి విస్తరించిన రచన. రేపు ఉదయం ప్రార్థన సమావేశంలో దానిని మీ అలవాటు శ్రుతిలో కాకుండా ఒకటో శ్రుతిలోనో రెండో శ్రుతిలోనో ఎత్తించి చూడండి. "జయ హే" దగ్గర పిల్లల గొంతు తేలికపడి వెలుగుతుంది, చివరి పాదంలో కింది స్వరాలు కూడా స్పష్టంగా వినబడతాయి. పురుష ఉపాధ్యాయులు ఒకటో శ్రుతిలో పాడితే పిల్లలు తమంతట తామే ఒక స్థాయి పైన అందుకుంటారు కాబట్టి, వారి పాఠశాలల్లో ఈ చిక్కు తక్కువగా కనిపిస్తుంది. మీరు మాత్రం మీ గొంతుకు ఇబ్బందైనా పిల్లల శ్రుతిలోనే పాడి చూపించవలసి ఉంటుంది. అప్పుడు గట్టిగా కాకుండా తేలికగా పాడండి, ఎందుకంటే పిల్లలు స్వరాన్నే కాక మీ గొంతు బరువును కూడా అనుకరిస్తారు.

శ్రుతి కుదిరాక పాట సంగతి చూద్దాం. ఏ పాటనైనా బృందానికి ఇవ్వడానికి ముందు దాని అత్యంత కింది స్వరాన్ని, అత్యంత పై స్వరాన్ని హార్మోనియం మీద గుర్తించండి. 4, 5 తరగతుల పిల్లలకు ఒకటో శ్రుతిలో మధ్య షడ్జం నుంచి తార షడ్జం వరకు ఉన్న పాట సరిపోతుంది. 6, 7 తరగతుల వారు శిక్షణతో పైన మరొక స్వరమో రెండు స్వరాలో అందుకోగలరు. అయితే కొసలను మాత్రమే చూస్తే సరిపోదు. పాట ఎక్కువసేపు ఏ స్వరాల మధ్య తిరుగుతున్నదో చూడడం అంతకంటే ముఖ్యం. ఒక్కసారి తార షడ్జాన్ని తాకి వచ్చే పాట ఏ పిల్లవాడినీ అలసిపోనివ్వదు. ధైవత నిషాదాల (ద, ని) మీదే చరణమంతా నిలిచే పాట, దాని వ్యాప్తి చిన్నదైనా, మూడో చరణానికి గొంతు బిగుసుకునేలా చేస్తుంది.

తరువాత చూడవలసింది మాట. తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగియడం బృందగానానికి దొరికిన వరం, ఎందుకంటే 40 గొంతులు ఒకటిగా కలిసేది అచ్చు మీదనే. అయితే బాణీ కట్టినవారు లఘువును సాగదీసి గురువును కుదించినప్పుడు ఆ వరం పోతుంది. ఒంటరి గాయకుడు దానిని నేర్పుతో సర్దుకుంటాడు, బృందం సర్దుకోలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క చోట అక్షరాన్ని విడిచిపెడతారు. గురజాడ వారి "దేశమును ప్రేమించుమన్నా" వంటి గేయం బడి పిల్లల నోట ఇంత కాలం నిలవడానికి భావం ఎంత కారణమో ముత్యాల సరం అనే ఛందస్సు నడక కూడా అంత కారణమని నా నమ్మకం. "దేశ", "మును ప్రే", "మించు", "మన్నా" అని మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలుగా విరుగుతూ మాట తానే తాళం వేసుకుంటూ వెళుతుంది. పిల్లల చేత ముందు స్వరం లేకుండా, చప్పట్ల మీద మాటలు చెప్పించండి. 40 మంది ఒక్కసారిగా చెప్పగలిగిన పాటను ఒక్కసారిగా పాడగలరు. చెప్పేటప్పుడే విడిపోయే పాటను పక్కన పెట్టండి.

ఎత్తుగడను కూడా గమనించండి. తాళం దెబ్బతో పాటు మొదలయ్యే పాటలు మొదటి సంవత్సరానికి మంచివి. దెబ్బ దాటాక అర అక్షరం విడిచి ఎత్తుకునే పాటలు వినడానికి ఎంత అందమైనవైనా, కొత్త బృందంలో సగం మంది ముందుకు దూకుతారు.

ఇక ఎక్కడ వెతకాలి? మన ఊళ్లలోనే సామూహికంగా పాడడానికే పుట్టిన పాటలు ఉన్నాయి. ఒకరు పాడగా మిగతావారు "ఉయ్యాలో" అని అందుకునే బతుకమ్మ పాటలు, కోలాటం పాటలు, భజన కీర్తనలు అన్నీ కొత్త బృందానికి అనువైనవే. బెరుకు ఉన్న పిల్లవాడు పల్లవి మాత్రమే అందుకుంటూ నెల రోజులు గడిపినా ఎవరూ తప్పుపట్టని ఏర్పాటు వాటిలో ఉంది. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలను కూడా ఈ దృష్టితో చూడండి. చరణాలు ఎన్ని ఉన్నా వాటి వరుస చాలావాటిలో ఒకటే కాబట్టి, పిల్లలు ఒక వరుస నేర్చుకుంటే కీర్తన మొత్తం చేతికి వస్తుంది. అదే స్వామివారి ఘనరాగ పంచరత్నాలనే ఐదు పెద్ద కృతులను తిరువయ్యారులో వందల మంది కలిసి పాడతారన్న ఉత్సాహంతో పిల్లలకు ఎత్తించేవారు ఉన్నారు. అక్కడ కలిసి పాడేవారు ఏళ్ల తరబడి సాధన చేసిన విద్వాంసులని మరచిపోకూడదు.

ప్రశ్న: వరంగల్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థులకు సంగీతం చెబుతున్నాను. మా బృందం ఒకే వరుసలో బాగా పాడుతున్నది. రెండు గొంతులలో పాడించాలని ఉంది. అయితే మన రాగాలకు హార్మొనీ (వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిసి మోగడం) పొసగదని కొందరు విద్వాంసులు అంటారు. తెలుగులో అలాంటి పాటలు దొరుకుతాయా?

జవాబు: అన్ని రాగాలకూ పొసగదన్న మాట నిజం. ఏ రాగానికీ పొసగదన్న మాట నిజం కాదు. తోడి, సహాన వంటి రాగాల ప్రాణం గమకంలో, అంటే స్వరాన్ని ఊపి పలకడంలో ఉంటుంది. ఒక బృందం గాంధారాన్ని ఊపుతూ ఉండగా మరొక బృందం నిలకడ స్వరం పట్టుకుంటే రెండూ చెడిపోతాయి. కాబట్టి గమకం తగ్గించినా రూపం చెడని రాగాల నుంచి మొదలుపెట్టాలి.

అన్నిటికంటే సుళువైనది మోహన. స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలలో ఏ రెండూ పక్కపక్క స్వరస్థానాలలో ఉండవు. అందువల్ల ఈ ఐదింటిలో ఏ రెండు స్వరాలు కలిసి మోగినా చెవికి గరుకుగా తగలవు. ఈ మేలు మోహనకే పరిమితం కాదు. మోహనలో రిషభాన్ని షడ్జంగా తీసుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని తీసుకుంటే హిందోళం, పంచమాన్ని తీసుకుంటే శుద్ధ సావేరి, ధైవతాన్ని తీసుకుంటే శుద్ధ ధన్యాసి వస్తాయని గ్రహభేదం చదివిన మీకు తెలిసే ఉంటుంది. స్వరాల మధ్య దూరాలు అవే కాబట్టి ఈ నాలుగు రాగాలకూ ఆ గుణం ఉంది. హంగేరీలో స్వరకర్త కొడాయ్, జర్మనీలో స్వరకర్త ఓర్ఫ్ పిల్లల సంగీతశిక్షణను ఐదు స్వరాల బాణీలతో ఆరంభించిన కారణాలలో ఇది ఒకటి. మన దగ్గర ఆ బాణీలకు కొదవ లేదు.

మొదటి పాఠంగా ఒక చిన్న ప్రయోగం చేయించండి. మోహన ఆరోహణ అవరోహణలను "స రి గ ప ద స, స ద ప గ రి స" అని ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క దెబ్బ చొప్పున మొదటి బృందం పాడాలి. వారు గాంధారానికి చేరుకున్నప్పుడు రెండో బృందం షడ్జం నుంచి అదే వరుస ఎత్తుకోవాలి. ఎవరూ కొత్త స్వరం నేర్చుకోకుండానే గది నిండా హార్మొనీ వినబడుతుంది. ఇదే పనిని శంకరాభరణంలో చేస్తే కింది నుంచి పైకి అంతా రెండేసి స్వరాల దూరంలో తీయగా నడుస్తుంది గాని, తార షడ్జం దగ్గర తిరుగు మలుపులో రెండు దెబ్బల పాటు నిషాద షడ్జాలు ఒరుసుకుంటాయి. పిల్లలు ఆ రాపిడిని విని ముఖం చిట్లించడం నేను చాలాసార్లు చూశాను. ఆ క్షణాన్ని వృథా పోనివ్వకండి. రెండు స్వరాల మధ్య ఏముందో వినడం వారు నేర్చుకుంటున్నది అప్పుడే. మాయామాళవగౌళలో మాత్రం ఈ ప్రయోగం చేయించకండి. సరళీ వరుసలు ఆ రాగంలో వచ్చు కదా అని అలవాటుగా మొదలుపెడితే, సరి, గమ, పద, నిస అనే నాలుగు దగ్గరి జంటలు గల ఆ రాగంలో ఏ కాస్త తడబడినా స్వరాలు ఒకదానినొకటి గీరుకుంటాయి.

ఆ తరువాతి మెట్టు శ్రుతి స్వరం. పాట ఒక బృందం పాడుతుండగా రెండో బృందం తంబురలాగా షడ్జ పంచమాలను నిలిపి ఉంచడం కూడా రెండు గొంతుల గానమే. అది మన సంప్రదాయం లోపలి నుంచి వచ్చిన హార్మొనీ కాబట్టి విద్వాంసులకు అభ్యంతరం ఉండదు. దానికి పై మెట్టు, ఒకే చిన్న పలుకును మళ్లీ మళ్లీ పాడడం. బుర్రకథలో వంతలు (పక్కన పాడేవారు) "తందాన తాన" అని పట్టి ఉంచే పని ఇదే. పాట అంతటా ఆ పలుకును మోహనలో "గ రి స రి" వంటి నాలుగు స్వరాల మీద తిప్పుతూ ఉండండి. ఈ మూడు మెట్లూ దాటిన తరువాతనే వేరే వరుస గల రెండో గొంతు ఇవ్వాలి. సంవత్సరం పట్టినా తొందరపడకండి. ఒకే వరుసలో చక్కగా కలిసిన 30 గొంతులు ఇచ్చే తృప్తిని, తప్పుగా పాడిన నాలుగు పార్టులు (ఒకేసారి పాడే వేర్వేరు వరుసలు) ఎన్నటికీ ఇవ్వలేవు.

సిద్ధంగా ఉన్న రచనలు కావాలంటే ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వర సాహిత్యాన్ని చూడండి. ఆంగ్లేయుల బ్యాండు బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కూర్చిన చిన్న రచనలివి. అన్నీ శంకరాభరణంలో, గమకం లేని నిలకడ స్వరాలతో ఉంటాయి. "శ్యామలే మీనాక్షి" వరుస మీ పిల్లలందరికీ "ట్వింకిల్ ట్వింకిల్"గా వచ్చినదే. పాశ్చాత్య బాణీలు కాబట్టి వాటికి రెండో గొంతు కూర్చడం సులభం, సాహిత్యం చిన్నది, సంగీతం చెప్పే మీకు గౌరవప్రదమైన కచేరీ అంశం కూడా అవుతుంది. భారతీయ బాణీలను బహుస్వరాలలో కూర్చే పనిని జీవితకాల కృషిగా చేపట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మన చిత్తూరులో పుట్టినవారు. 1970ల ఆరంభంలో మద్రాసులో ఆయన స్థాపించిన యువగాయక బృందం అనేక భాషల పాటలను పార్టులలో పాడింది. ఆ బృందం పాడినవి దొరికితే విద్యార్థులకు వినిపించండి. రాగం రూపు చెడకుండా రెండో గొంతును ఎక్కడ కదిలించాలో, ఎక్కడ నిలిపి ఉంచాలో పుస్తకం చెప్పే దానికంటే అవి స్పష్టంగా చెబుతాయి.

ప్రశ్న: మా సంఘంలో యవ్వనస్థుల గాయకబృందాన్ని నడుపుతున్నాను. అమ్మాయిలు 14 మంది, అబ్బాయిలు 5 గురు. అబ్బాయిలలో ముగ్గురికి గొంతు మారుతున్నది. క్రిస్మస్‌కు "హల్లెలూయ కోరస్" పాడించమని పెద్దలు కోరుతున్నారు. నాలుగు పార్టులలో సాధ్యమేనా?

జవాబు: పెద్దలకు మర్యాదగా వద్దని చెప్పండి. ఆ కోరస్ ఉన్న హాండెల్ రచన "మెస్సయా"ను 1742లో డబ్లిన్‌లో మొదటిసారి పాడిన కోరస్ గాయకులు అక్కడి రెండు కెథడ్రల్‌లలో పాడడమే పనిగా గలవారు. సొప్రానోలు (పై వరుస పాడే గొంతులు) తార స్థాయిలో ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ దీర్ఘ స్వరాలను నిలపవలసిన చోట శిక్షణ లేని అమ్మాయిల గొంతు బిగుసుకుంటుంది. అదే సమయంలో కింద మగ గొంతులకు ఉద్దేశించిన టెనార్, బాస్ పార్టులను ఐదుగురు పంచుకుంటే, ముగ్గురు మారుతున్న గొంతుల మీద ఆ భారమంతా పడుతుంది.

గొంతు మారే అబ్బాయి విషయంలో బృంద నాయకుడు చేసే పొరపాటు జీవితకాలం నిలుస్తుంది. "నువ్వు ఈ ఏడాది పెదవులు కదుపు, చాలు" అన్న మాట విన్న పిల్లవాడు మళ్లీ పాడడు. ఆ వయసులో గొంతు పోదు, దాని వ్యాప్తి కొన్నాళ్లు కుంచించుకుపోయి కిందికి జరుగుతుంది. ఐదారు స్వరాలు మాత్రమే నమ్మకంగా పలుకుతాయి. కాబట్టి ముందు ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టుకొని, ఏ స్వరం నుంచి ఏ స్వరం వరకు ఒత్తిడి లేకుండా వస్తున్నదో రాసుకోండి. రెండు మూడు వారాలకు ఒకసారి మళ్లీ చూడండి, ఎందుకంటే అది మారుతూనే ఉంటుంది. ఆ ఐదారు స్వరాలలోనే తిరిగే ఒక ప్రత్యేకమైన పార్టు ఆ ముగ్గురికీ కూర్చండి. అచ్చయిన పార్టుకు పిల్లవాడిని సరిపెట్టడం కంటే పిల్లవాడికి పార్టును సరిపెట్టడం న్యాయం.

మీ బృందానికి తగిన కూర్పు ఇలా ఉంటుంది: అమ్మాయిలు రెండు పార్టులు, అబ్బాయిలందరూ కలిసి ఒక పార్టు. మూడు పార్టులూ నిలవకపోతే అబ్బాయిలు ప్రధాన వరుసనే ఒక స్థాయి కింద పాడవచ్చు. రచనల కోసం దూరం వెళ్లనవసరం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగ తాళాలు పేర్కొన్న కీర్తనలు మీ సంఘంలో అందరికీ కంఠస్థమై ఉంటాయి. పురుషోత్తమ చౌధరి గారి రచనలలో పల్లవి మళ్లీ మళ్లీ వచ్చేవాటిని తీసుకొని, పల్లవిని అందరూ, చరణాలను రెండు గుంపులూ ఒకరి తరువాత ఒకరు పాడేలా పంచండి. ఆఖరి పల్లవికి మాత్రమే రెండో పార్టు చేర్చండి. సంఘమంతా కలిసి పాడగలిగిన కీర్తనలో ఒక్కచోట అకస్మాత్తుగా గొంతు రెండుగా విప్పారినప్పుడు కలిగే ఆనందాన్ని మీ పెద్దలు కూడా గుర్తిస్తారు. "హల్లెలూయ" కోరికను నాలుగైదేళ్ల తరువాతికి దాచి ఉంచండి.

ప్రశ్న: అమెరికాలో స్థిరపడ్డాము. మా ప్రాంతంలోని తెలుగు పిల్లలు 15 మందితో వారాంతంలో బృందగానం మొదలుపెట్టాము. పిల్లలకు మాటలు అర్థం కావు, చదవడమూ అంతంత మాత్రమే. సినిమా పాటలైతే ఉత్సాహంగా పాడుతున్నారు. వాటితోనే కొనసాగించవచ్చా?

జవాబు: సినిమా పాట తక్కువదని నేను అనను. కాని నేపథ్య గాయకుడు మైక్రోఫోను ముందు ఒక్క గొంతుతో, తన వ్యాప్తికి తగినట్టుగా పాడినది ఆ పాట. అందులోని చిన్న చిన్న విరుపులు, ఊపిరి శబ్దాలు, వాద్యాల మధ్య ఖాళీలు బృందానికి లొంగవు. తీసుకుంటే ఆ సినిమాలోనే కోరస్ పాడిన పాటను తీసుకోండి, కరావోకె శ్రుతిని యథాతథంగా అంగీకరించకండి.

మీ పిల్లలకు ఉన్న ఒక బలాన్ని మీరు గమనించారో లేదో. వారిలో కొందరు బడిలోని కాయిర్‌లో రెండు పార్టులు పాడుతూ ఉంటారు, "డో రే మీ"ని చేతి సంజ్ఞలతో నేర్చుకొని ఉంటారు. మన స రి గ మ కూడా ఎక్కడ షడ్జం పెడితే అక్కడి నుంచి లెక్కించేదే కాబట్టి వారికి అది రెండు నిమిషాలలో అందుతుంది. అక్కడ వారు మీకంటే ముందున్నారు. వెనుకబడినది మాటలో. అందుచేత సంగీతపరంగా వారి స్థాయికి తగినదీ, మాటల పరంగా చాలా చిన్నదీ అయిన పాటను వెతకండి. నాలుగు పాదాల గేయాన్ని రెండు గొంతులలో పాడడం, నాలుగు చరణాల గేయాన్ని అర్థం తెలియకుండా ఒప్పజెప్పడం కంటే మేలు. ల, ళ, న, ణ, శ, ష, స భేదాలు ఉన్న మాటలను పాట మొదలుపెట్టక ముందే విడిగా పలికించండి. తెలుగు మాటను ఆంగ్లలిపిలో రాసి ఇచ్చేటప్పుడు దీర్ఘాలను తప్పక గుర్తించండి. దీర్ఘం తప్పితే మాటతో పాటు తాళం కూడా తప్పుతుంది.

ప్రశ్న: ఏడాదికి ఎన్ని పాటలు నేర్పితే మంచిది? పోటీల కోసం కష్టమైన పాట ఒకటి తప్పనిసరి అంటున్నారు. (ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: వారానికి ఒక గంట సాధన చేసే బృందానికి ఐదారు పాటలు చాలు. వాటిలో ఎక్కువ భాగం, మొదటి రోజు సాధన ముగిసేసరికి పల్లవి వరకైనా పిల్లలు హాయిగా పాడగలిగినవై ఉండాలి. ఒక్క పాట మాత్రం వారికి కొంచెం అందనంత ఎత్తులో ఉండవచ్చు. దానిని సాధన మొదట్లో, గొంతులు తాజాగా ఉన్నప్పుడు పది నిమిషాలు ఎత్తుకొని వదిలివేయండి. పోటీకి మాత్రం దానిని కాకుండా, రెండు నెలల క్రితమే కంఠస్థమైపోయిన పాటను తీసుకెళ్లండి. న్యాయనిర్ణేతగా కూర్చున్న కొన్ని సందర్భాలలో, శ్రుతి జారిన కష్టమైన పాటకు మార్కులు వేయడానికి నా చేయి రాలేదు. పోటీ రోజున శ్రుతి మీరే ఇవ్వండి, శ్రుతిపెట్టెను ఇంటి నుంచి తీసుకెళ్లండి. వేదిక మీద వాద్యకారుడు తన సౌకర్యం కోసం ఎంచుకున్న శ్రుతిలో ఎత్తుకున్నారంటే, మీరు నాలుగు నెలలు వెతికి కుదుర్చుకున్న పాట పిల్లల గొంతుకు అందకుండా పోతుంది.